బీపీ గోలీ కాదు, భాయ్



రెండు జుమాల కింద మాట. మా వేమూరులో నమాజ్ అయ్యాక నేను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని తీసి గోడవారగా పెడుతున్నాను. ఒకాయన దగ్గరికొచ్చారు. నాకంటే పదేళ్లు పెద్ద. నాకు చక్కర్ అని ఎవరో చెప్పారట. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు: "క్యా గోలీ ఖారే భాయ్? మా ఇంట్లో ఆమెకీ ఇదే తక్లీఫ్. ఏడాది దాటింది."

"బీపీ గోలీ భాయ్" అన్నాను.

ఝూట్. నాకు బీపీ లేదు. నేను రోజూ వేసుకునేది ఘబ్రాహట్‌కి, దిగులుకి ఇచ్చే బిళ్ల. ఇరవై ఏళ్లుగా వార్తలు రాసి బతుకుతున్నవాణ్ని, మస్జిద్ గడప దాటకముందే అబద్ధం చెప్పాను. దానివల్ల నాకేం పోలేదు. ఆయన బీవీకే ఇంకో ఏడాది పోవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకిది సజ్దాలో మొదలైంది. రెండేళ్ల కింద ఒక ఫజర్ నమాజులో నుదురు నేలకి ఆనించగానే మస్జిద్ మొత్తం గిర్రున తిరిగింది. ఎలాగో కూర్చున్నాను. సలాం కోసం తల కుడికి తిప్పాను, ఎడమకి తిప్పేలోపు పక్కాయన మీద పడ్డాను. పరీక్ష చేసిన చెవి డాక్టరుగారు కారణం వెంటనే చెప్పేశారు. మన లోపలి చెవిలో ఆవగింజకన్నా చిన్న సున్నపు రేణువులు ఉంటాయి. అవి చోటు తప్పి పక్క గొట్టాల్లోకి జారితే తల వంచినా, మంచం మీద పక్కకి తిరిగినా లోకం తిరుగుతుంది. దీనికి మందు కూడా అక్కర్లేదు. పడుకోబెట్టి తలని వరసగా నాలుగు భంగిమల్లో తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి పంపిస్తారు. ఎప్లీ పద్ధతి అంటారు. రెండుసార్లు చేశారు. గిర్రున తిరగడం పోయింది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాను.

కానీ ఇంకొకటి మిగిలింది. దాన్ని చక్కర్ అని కూడా అనలేను. గది తిరగదు, నేనే ఊగుతుంటాను. పడవలోంచి దిగినా కాళ్లకింద నీళ్లు కదులుతున్నట్టు ఉంటుంది. నిలబడితే ఎక్కువ, పడుకుంటే తక్కువ. తెనాలి బజారులో చీరల దుకాణాల ముందు నడవలేను, ఆ రంగులన్నీ మీదికొస్తాయి. రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చుంటే వరి చేల గట్లు గబగబా వెనక్కి పోతుంటాయి, కడుపులో తిప్పేస్తుంది. మస్జిద్‌లో సఫ్‌లకి గీతలున్న జానమాజ్ చూస్తేనే తూలు వస్తుంది. ఫోన్లో వేలితో వార్తలు పైకి జరపడం కూడా కష్టం. నా పనే అది.

ఎనిమిది నెలలు తిరిగాను. ఎమ్మారై తీశారు, రక్తం చూశారు, మెడ ఎక్స్‌రే తీశారు. ప్రతి చోటా ఒకటే మాట: "ఏమీ లేదండీ, అంతా నార్మల్." ఆ మాట వింటే ఖుషీ కావాలి కదా. కాలేదు. "ఏమీ లేదు" అంటే నీదంతా వహమ్ అన్నట్టే వినిపించేది. ఇంట్లోవాళ్లకీ అలాగే వినిపించింది. అమ్మీ నజర్ తీసింది. మామూజాన్ తావీజు తెచ్చారు. ఒక దోస్తు మెడకి పట్టీ వేసుకోమన్నాడు.

చివరికి ఒక డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టి నా మాట విన్నారు. ఇరవై నిమిషాలు. అంతా విన్నాక ఆ జబ్బుకి పేరుందన్నారు. పర్సిస్టెంట్ పోస్చురల్ పర్సెప్చువల్ డిజినెస్. పీపీపీడీ. మూడు నెలలు దాటి, దాదాపు రోజూ, నిలబడినా నడిచినా రద్దీ దృశ్యాలు చూసినా పెరిగే తూలుడు. బారానీ సొసైటీ అని చెవి, తూకం జబ్బులు చూసే డాక్టర్ల ప్రపంచ సంఘం ఉంది. 1914 నోబెల్ పొందిన రాబర్ట్ బారానీ పేరు మీద పెట్టుకున్నది. వాళ్లు 2017లో దీని లక్షణాలని ఖరారు చేశారు.

ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైన భాషలో చెబుతాను. మనిషి పడిపోకుండా నిలబెట్టేవి మూడు: చెవి, కళ్లు, పాదాలు. ఈ మూడింటి కబురూ దిమాగ్‌కి వెళ్తుంది. దిమాగ్ లెక్క చూసుకుని కండరాలకి హుకుం ఇస్తుంది. ఇదంతా మనకి తెలియకుండానే జరుగుతుంది. ఒకరోజు చెవి తప్పుడు కబురు పంపింది. దిమాగ్ బెదిరిపోయింది. చెవిని నమ్మడం మానేసి కళ్లనే పట్టుకుంది. ప్రతి అడుగునీ కాపలా కాయడం మొదలుపెట్టింది. ఊళ్లో దొంగలు పడ్డ రాత్రి అందరం కర్రలు పట్టుకుని మేలుకుంటాం కదా. దొంగలు పోయి ఆరు నెలలైనా కర్ర దించకుండా కూర్చున్న చౌకీదారు సంగతి ఇది. చెవి బాగైపోయింది, కాపలా మాత్రం ఆగలేదు. ఎమ్మారైలో కనిపించేది అవయవం. ఈ బెదురు అందులో కనిపించదు.

ఆయన రాసిన మందు ఎస్సిటలోప్రామ్. చాలా చిన్న మోతాదు. దాంతోపాటు తూకం కసరత్తులు. "రెండు వారాలు కడుపులో వికారంగా ఉండొచ్చు, కాస్త కంగారు పెరగొచ్చు, మానేయకండి. పనిచేస్తుందో లేదో తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది" అన్నారు. ఈ తరగతి మందులు దిమాగ్‌లో సెరొటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. తూకం చూసే భాగాలూ భయం చూసే భాగాలూ లోపల పక్కపక్క ఇళ్లలాంటివి. మధ్యగోడకి తలుపులున్నాయి. ఒక ఇంట్లో గోల తగ్గిస్తే రెండో ఇల్లు కూడా నిద్రపోతుంది.

ఇంటికొచ్చాక ఆ పేరు ఫోన్లో వెతికింది మా అమ్మాయి. డిగ్రీ చదువుతోంది. "అబ్బా, మీకు డిప్రెషనా?" అంది. వెనకే అమ్మీ: "దిమాగ్ కి గోలీ హై క్యా బేటా యే? లోగాఁ సునే తో క్యా బోలేంగే?" ఆ తర్వాత మాట ఆమె పైకి అనలేదు, కానీ ఇంట్లో అందరికీ వినిపించింది. ఇంట్లో ఆడపిల్ల ఉంది. రేపు రిష్తా వస్తుంది. బాప్ ఎర్రగడ్డ మందులు వాడుతున్నాడని ఎవరైనా అంటే?

నేను ఆ బిళ్లల్ని పాత బీపీ మందుల డబ్బాలో దాచాను. అబ్బా మిగిల్చిపోయిన డబ్బా అది. నా బీపీ అబద్ధం పుట్టింది అక్కడే.

మొదట నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది: ఇది మెంటల్ కాదు, చెవి జబ్బు. అది నిజం కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన జబ్బుల పట్టిక పదకొండో కూర్పులో దీన్ని మనోవ్యాధుల అధ్యాయంలో పెట్టలేదు, చెవి జబ్బుల అధ్యాయంలో పెట్టారు. 1986లో ఇద్దరు జర్మన్ డాక్టర్లు దీనికి దగ్గరిదాన్ని వర్ణించినప్పుడు పేరులోనే 'ఫోబిక్' అని ఉంది. ఇప్పుడు పేరులో ఆ భయం లేదు. ఇవన్నీ అమ్మీకి ఉర్దూలో చెప్పాను, ఆమె కాస్త తేరుకుంది. నేనూ తేరుకున్నాను.

కానీ కొన్ని రోజులకి నన్ను నేనే పట్టుకున్నాను. చెవి అధ్యాయంలో ఉంది కాబట్టి ఇజ్జత్ దక్కిందా? పక్క అధ్యాయంలో ఉంటే నేను సిగ్గుపడాలా? నిజం చెప్పాలంటే ఆ ఎనిమిది నెలలు నాకు ఘబ్రాహట్ లేదా? ఉంది. కాలవ గట్టు మీద నడవాలంటే అరచేతులు చెమట పట్టేవి. బండి ఎక్కాలంటే ముందురోజు రాత్రి నిద్ర పట్టేది కాదు. జుమాకి వెళ్లకుండా రెండుసార్లు సాకు చెప్పాను. 'చెవి జబ్బే' అని గట్టిగా పట్టుకోవడం కూడా బీపీ డబ్బాలాంటిదే. కాస్త చదువుకున్నవాడి డబ్బా. తెలుగువాళ్లు రోజూ అనే 'గాబరా' మన ఘబ్రానాకి చుట్టమే. రెండు జబానుల్లోనూ మాట ఉంది, దాన్ని డాక్టరు ముందు అనడానికే నోరు రాదు.

ఇక అసలు సంగతి. నేను దాచిన డబ్బా వెతుకుతూ ఒకరోజు అమ్మీ డబ్బా తెరిచాను. అందులో కత్తెరతో కోసిన స్ట్రిప్పు ముక్కలు. మందు పేరు సగం తెగిపోయి ఉంది. "నీంద్ కి గోలీ" అంది అమ్మీ. ఎప్పటినుంచి? అబ్బా పోయినప్పటినుంచి. అంటే పదకొండేళ్లు. మొదట్లో ఎవరో రాశారు. తర్వాత చీటీ లేకుండానే దుకాణంలో ఇస్తున్నారు. చక్కర్‌గా ఉన్నా అదే, కడుపులో దడగా ఉన్నా అదే. తెగిపోయిన అక్షరాలని కలిపి చూస్తే అల్‌ప్రజోలామ్.

దిమాగ్ కి గోలీ అని నన్ను చూసి భయపడిన మా అమ్మీ పదకొండేళ్లుగా దిమాగ్ గోలీయే వేసుకుంటోంది. నాదానికి పేరుంది కాబట్టి సిగ్గు. ఆమెదానికి పేరు కత్తిరించేశారు కాబట్టి సిగ్గు లేదు.

ఈ రెండు బిళ్లలకీ తేడా మన ఇళ్లలో తెలియాలి. అల్‌ప్రజోలామ్ లాంటివి గంటలో హాయినిస్తాయి. తీవ్రంగా తల తిరిగేటప్పుడు రెండు మూడు రోజులకి డాక్టర్లు రాయొచ్చు. కానీ రోజూ వేసుకుంటే అలవాటుగా మారతాయి. పైగా దెబ్బతిన్న తూకాన్ని దిమాగ్ మళ్లీ నేర్చుకోవాలంటే మెలకువగా ఉండాలి, ఇవి దాన్ని జోకొడతాయి. ముసలివాళ్లలో తూలి పడిపోవడం, ఎముకలు విరగడం, మతిమరుపు పెంచుతాయి. అమ్మీ రెండుసార్లు గుసల్‌ఖానాలో పడింది. వయసు అనుకున్నాం. తల తిరుగుడుకని నెలల తరబడి మింగే ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజిన్ కూడా కొద్దిరోజుల మందులే. ఏళ్లకేళ్లు వాడితే చేతులు వణికే జబ్బు తెచ్చిపెట్టగలవు. అల్‌ప్రజోలామ్ 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మితే ఎవరికి అమ్మారో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలి. కత్తెర ముందు ఆ ఖానూన్ ఎక్కడ నిలుస్తోందో మీకూ తెలుసు.

ఇది చదివి ఎవరూ ఇవాళ రాత్రే మీ అమ్మీ బిళ్ల లాక్కోవద్దు. ఏళ్లుగా వాడినదాన్ని ఒక్కసారి ఆపితే నిద్ర పోవడం, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చేత నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించాలి. మా అమ్మీది అలాగే తగ్గిస్తున్నారు. నాలాంటి బిళ్ల కూడా బాగుందని చటుక్కున మానేయకూడదు. మానేస్తే మళ్లీ చక్కరే వస్తుంది. అది జబ్బు తిరిగొచ్చిందనిపిస్తుంది, కానీ మందు ఆపిన తీరువల్ల.

అలాగే ప్రతి తల తిరుగుడూ ఘబ్రాహట్ కాదు. ముందు చెవి చూపించాలి. రక్తం తక్కువా, షుగర్ పడిపోతోందా, లేచి నిలబడగానే బీపీ దిగుతోందా చూపించాలి. తల తిరుగుడుతో మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, రెండుగా కనిపించడం ఉంటే అది పక్షవాతం కావచ్చు. ఆ క్షణమే ఆసుపత్రి.

దీన్ సంగతి. "ఈమాన్ గట్టిగా ఉంటే ఘబ్రాహట్ రాదు" అనే మాట మన ఇళ్లలో ఎంతమందిని నోరు మూయించిందో. నిలబడలేనివాళ్లు కూర్చుని, కూర్చోలేనివాళ్లు పడుకుని నమాజ్ చదవొచ్చని మనకి పద్నాలుగు వందల ఏళ్ల కిందే ఇజాజత్ ఉంది. నా కుర్చీ ఆ ఇజాజతే. బల్ఖ్‌కి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ, 934లో వఫాత్ అయిన ఆలిమ్, ఒళ్లూ మనసూ రెంటి సంరక్షణ గురించీ ఒకే కితాబు రాశారు. ఒకదాని జబ్బు రెండోదాన్ని పట్టుకుంటుందని వెయ్యేళ్ల కిందే చెప్పారు. దువా మానమని నేను అనను. మా మామూజాన్ తావీజు ఆయన ముహబ్బత్, తీసి పారేయలేదు. కానీ సబ్ర్ అంటే చికిత్స లేకుండా పడి ఉండటం కాదు. రెండు వారాల వికారాన్ని ఓర్చుకుని మూడో నెల దాకా బిళ్ల వేసుకోవడం కూడా సబ్రే. రోజుకి ఒక్క బిళ్లే అయితే రమ్‌జాన్‌లో డాక్టరుని అడిగి సహరీకో ఇఫ్తార్‌కో మార్చుకోవచ్చు. నేను అలాగే చేశాను.

నాకు పూర్తిగా తగ్గిందా? లేదు. నాలుగో నెలకి పడవ నెమ్మదించింది. ఇప్పుడు తెనాలి బజారులో నడుస్తాను. రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చోగలను, కాసేపు. కుర్చీ ఇంకా వాడుతున్నాను. ఇది జాదూ కాదు, అందరికీ ఒకేలా పనిచేయదు. కసరత్తు లేకుండా బిళ్ల ఒక్కటే అంతా చేసిపెట్టదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు. సర్కారుది, పైసలు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పడానికి సిగ్గుపడే ఇళ్లకి అదొక తలుపు.

మా అమ్మాయితో ఒక మాట అన్నాను. "బేటా, రేపు నీ రిష్తాకి వచ్చినవాళ్లు అడిగితే మీ అబ్బా ఏ బిళ్ల వేసుకుంటున్నాడో చెప్పు. విని లేచిపోయేవాళ్లయితే ముందే లేచిపోనీ." అమ్మీ ఏమీ అనలేదు. చాయ్ పెట్టడానికి లేచింది, గోడ పట్టుకుని, మెల్లగా.

పోయిన జుమాకి ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాను. నమాజ్ అయ్యాక చెప్పాను. "ఆరోజు ఝూట్ చెప్పాను. బీపీ గోలీ కాదు, భాయ్." మందు పేరు చెప్పాను. ఎందుకు ఇస్తారో చెప్పాను. ఆయన కాసేపు జానమాజ్ గీతల వైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత జేబులోంచి చిన్న కాగితం తీశారు.

"ఆ డాక్టరు ఏ రోజుల్లో చూస్తారు? ఆమెని కూడా తీసుకెళ్తాను. రాసివ్వండి" అన్నారు.

రాసిచ్చాను. ఆమె కోసం దువా చేయండి. మా అమ్మీ కోసం కూడా.

ఖుదా హాఫిజ్.