నిర్వచనం చెప్పిన సేనాని

తెలిసి తెలిసి ఎవరూ చెడు చేయరన్నది సోక్రటీసు వాదం. తప్పని తెలిసీ చేసేవాళ్లు అడుగడుగునా కనిపిస్తుంటే అంతటి వివేకి ఇంత అమాయకంగా ఎలా మాట్లాడాడని ఆశ్చర్యపోయేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నిజానికి, ఫలానావాడికి ఫలానాది తెలుసని ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునేవాడు కాదు. ప్లేటో ‘లాకీస్’ సంభాషణే చూడండి. ధైర్యమంటే ఏమిటని ఇద్దరు ఏథెన్స్ సేనానులు అందులో వాదించుకుంటారు. లాకీస్ దృష్టిలో అది మనోనిబ్బరం. నికియాస్ మాత్రం దేనికి భయపడాలో, దేనికి భయపడనక్కర్లేదో తెలియడమే ధైర్యమంటాడు. సోక్రటీసే చెప్పాడా అనిపించే నిర్వచనం! అయినా ఆయన ప్రశ్నల ముందు నికియాస్ దాన్ని నిలబెట్టుకోలేకపోయాడు. శకునాలు చెప్పేవాడు సేనాని మాట వినాలని చట్టం చెబుతోంది గాని, సేనాని అతడి మాట వినాలని కాదని సోక్రటీసు ఆ చర్చలోనే అంటాడు. ప్లేటో ఆ మాట ఊరికే రాసి ఉండడు. క్రీ.పూ. 413లో సిరాక్యూస్ ముట్టడి విఫలమై, ఏథెన్స్ సైన్యం ఓడలెక్కి వెనుదిరగబోయే వేళ చంద్రగ్రహణం పట్టింది. ఇరవై ఏడు రోజులు కదలొద్దన్నారు శకునజ్ఞులు. నికియాస్ ఆగిపోయాడు. ఈలోగా శత్రువు రేవు మూసేశాడు. సైన్యం తుడిచిపెట్టుకుపోయింది, నికియాస్‌నూ చంపేశారు. ఆయనకు ఇలాంటి వాటి మీద నమ్మకం కాస్త ఎక్కువేనని చరిత్రకారుడు తుసిడిడీస్ రాశాడు. భయపడాల్సింది గ్రహణానికి కాదు, ఆలస్యానికని ధైర్యాన్ని నిర్వచించిన మనిషికే తోచలేదు.

అరిస్టాటిల్ ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. నీతి గురించి చర్చిస్తే చాలు మంచివాళ్లమైపోతామనుకునేవారిని, వైద్యుడు చెప్పిందంతా శ్రద్ధగా విని ఒక్కటీ పాటించని రోగులతో పోల్చాడాయన. న్యాయమైన పనులు చేయగా చేయగానే న్యాయవర్తనం అలవడుతుందన్నాడు. కాదనలేం. అయితే లాకీస్ మెచ్చుకున్న నిబ్బరం తెలివితక్కువ మొండితనమూ కావచ్చని ఆ సంభాషణలోనే తేలింది. ఎక్కడ నిలబడాలో, ఎక్కడ తప్పుకోవాలో అలవాటు ఒక్కటే చెప్పలేదు. వివేకం తోడు లేనిదే సద్గుణం పూర్తి కాదని అరిస్టాటిలూ అన్నాడు. సోక్రటీసు, ప్లేటో, అరిస్టాటిల్‌ల గురుశిష్య పరంపరలో అనుకున్నంత అగాధమేమీ లేదు.

మరి ప్రాణభయం సంగతి? ఏథెన్స్‌లో ముప్పైమంది నియంతల పాలనలో సోక్రటీసునూ మరో నలుగురినీ పిలిపించి, చంపడానికి సలామిస్ నుంచి లియోన్ అనే వ్యక్తిని పట్టుకురమ్మన్నారు. నలుగురూ వెళ్లారు. అది అన్యాయమని వారికి తెలియదా అంటే, చావే అన్యాయం కన్నా పెద్ద కీడనుకున్నారు, ఆ లెక్కే తప్పంటుంది సోక్రటీసు వాదం. ఇది మాట నెగ్గించుకునే ఎత్తుగడ అనేవారు ఆ రోజు ఆయనేం చేశాడో చూడాలి. తిన్నగా ఇంటికి వెళ్లిపోయాడు. ఆ ప్రభుత్వం త్వరలోనే కూలకపోయి ఉంటే బహుశా తన ప్రాణం పోయేదని తర్వాత విచారణలో తానే చెప్పాడు.