కార్బన్ క్రెడిట్ల విపణి - వర్ధమాన దేశాల సన్నద్ధత

ఒక దేశంలో హరితగృహ వాయువుల విడుదలను తగ్గించి, ఆ తగ్గింపును మరొక దేశానికో, సంస్థకో అమ్మే పద్ధతిని కార్బన్ క్రెడిట్ల వ్యాపారం అంటారు. ఒక క్రెడిట్ ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుకు సమానము. వర్ధమాన దేశాలకు ఇది పెట్టుబడులు తెచ్చే మార్గము. అయితే వేటిని అమ్మాలో, వేటిని తమ లక్ష్యం కోసం అట్టిపెట్టుకోవాలో ఆ దేశాలు ముందే నిర్ణయించుకోవలసి ఉన్నది.

క్యోటో ఒప్పందం

1997 నాటి క్యోటో ఒప్పందంలోని 12వ అధికరణం స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగాన్ని ఏర్పరచినది. ఇందులో మొదటి ప్రాజెక్టు 2004లో బ్రెజిల్‌లో నమోదైనది. మొదటి క్రెడిట్లు 2005లో హోండురాస్‌లోని చిన్న జలవిద్యుత్ కేంద్రాలకు లభించినవి. క్రెడిట్లలో అధిక భాగం చైనా, భారతదేశాలకు దక్కగా ఆఫ్రికా వాటా స్వల్పంగానే మిగిలినది. ఈ లోటును తీర్చటానికి ఐక్యరాజ్యసమితి 2006లో నైరోబీలో ఒక శిక్షణ, సహాయ కార్యక్రమాన్ని ప్రకటించినది. కానీ 2008లో 20 యూరోలు దాటిన క్రెడిట్ ధర 2012 చివరికి ఒక యూరో కంటే తక్కువకు పడిపోయినది.

పారిస్ ఒప్పందం

క్యోటో ఒప్పందంలో వర్ధమాన దేశాలకు తగ్గింపు లక్ష్యాలు లేవు. కనుక ఎంత అమ్మినా వాటికి నష్టము లేదు. 2015 నాటి పారిస్ ఒప్పందంలో ప్రతి దేశమూ స్వంత లక్ష్యం ప్రకటించవలసి వచ్చినది. ఈ ఒప్పందంలోని 6వ అధికరణం క్రింద మరొక దేశ లక్ష్యం కోసం అమ్మిన తగ్గింపును అమ్మిన దేశం తన లెక్కలో చూపుకోరాదు. ఉదాహరణకు, 10 లక్షల టన్నులు తగ్గించిన దేశం అందులో 3 లక్షల టన్నులు అమ్మితే, దాని లెక్కలో 7 లక్షలే మిగులుతాయి. చౌకగా సాధ్యమయ్యే తగ్గింపులన్నీ ముందే అమ్ముకొన్న దేశానికి ఖర్చుతో కూడినవే మిగులుతాయి. ఈ అధికరణానికి ప్రధాన నియమాలు 2021లో గ్లాస్గోలో ఖరారు కాగా, మిగిలినవి 2024లో బాకులో పూర్తి అయినవి.

ఘనా అనుభవం

ఘనా 2020లో స్విట్జర్లాండుతో ఒప్పందం చేసుకొన్నది. 2021లో ప్రకటించిన లక్ష్యం ప్రకారం ఘనా 2030 నాటికి 6.4 కోట్ల టన్నులు తగ్గించాలి. ఇందులో 2.46 కోట్ల టన్నులు షరతులు లేని వాగ్దానము. మిగిలిన 3.94 కోట్ల టన్నులు విదేశీ సహాయంపై ఆధారపడినవి. షరతులు లేని భాగానికి చెందిన తగ్గింపులను దేశ లక్ష్యానికే ఉంచి, తక్కిన వాటినే అమ్మకానికి అనుమతించేలా 2022లో విధివిధానాలు రూపొందించినది. 2025లో మెరుగైన వంటపొయ్యిల ప్రాజెక్టు నుండి మొదటి క్రెడిట్లను స్విట్జర్లాండుకు బదిలీ చేసినది.

భారతదేశం

కేంద్ర ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో 6వ అధికరణం క్రింద అనుమతించదగిన 13 రకాల కార్యక్రమాల జాబితా ప్రకటించినది. హరిత హైడ్రోజన్, సముద్రంలో నెలకొల్పే పవన విద్యుత్ కేంద్రాలు వంటి ఖరీదైన సాంకేతికతలు ఇందులో ఉన్నవి.

విమర్శలు

క్రెడిట్ల లెక్కింపుపై సందేహాలు ఉన్నవి. 2024లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం తాను పరిశీలించిన వంటపొయ్యిల ప్రాజెక్టులకు అర్హతకు మించి సుమారు 9 రెట్ల క్రెడిట్లు లభించినట్లు అంచనా వేసినది. కనుక విశ్వసనీయమైన కొలతలు, నమోదు పుస్తకం, శిక్షణ పొందిన సిబ్బంది లేకుండా ఒప్పందాలకు సిద్ధపడే దేశం తన లక్ష్యాన్నీ, కొనుగోలుదారుల నమ్మకాన్నీ పోగొట్టుకొనే ప్రమాదము ఉన్నది.