పాసివ్ వాయిస్‌లో పోతున్న భూమి: మన పిల్లలకు ఇంగ్లిష్ గ్రామర్ ఎందుకు?

జల్‌పల్లి పక్క నుంచి పోయే శ్రీశైలం రోడ్డు మీలో చాలామంది చూసే ఉంటరు. ఈ చివర హైదరాబాద్. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు చేరితే నల్లమల మొదలవుతది, చెంచుల పెంటలు మొదలవుతయి. రోడ్డు ఒకటే. పదో తరగతి బోర్డు ఇంగ్లిష్ పేపర్ కూడా ఒకటే. ఈ చివర ఫీజు కట్టి చదివే పిల్లకూ, ఆ చివర ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లకూ అదే ప్రశ్నపత్రం. ఆ పేపర్ గురించి, దాని వెనక ఆరో తరగతి నుంచి నడిచే ఇంగ్లిష్ చదువు గురించి మన పేజీల్లో, మన మీటింగుల్లో మాట వినబడదు. పోడు మీద గంటలు మాట్లాడతం. గ్రామర్ మీద ఏం మాట్లాడతం, అది బడి విషయం కదా అంటరు.

కాదు దోస్తులారా. పోడు పట్టా విషయం, గ్రామర్ విషయం ఒకే కాగితం మీద ఉన్నయి.

2019 మే నెల గుర్తు చేసుకోండి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ 'సూత్రప్రాయంగా' ఒప్పుకున్నది. చెంచులు లేచిండ్రు, ఊర్లు లేచినయి, పట్నం నుంచి సినిమావాళ్లు కూడా గొంతు కలిపిండ్రు. ఆ ఏడాది సెప్టెంబర్ 16న తెలంగాణ అసెంబ్లీ వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. అది మన గెలుపే, అందులో అనుమానం లేదు. కానీ ఆ కమిటీ మినిట్స్ ఏ భాషలో ఉన్నయి? ఇంగ్లిష్‌లో. 'ఇన్ ప్రిన్సిపల్' అంటే పూర్తి అనుమతా, సగం అనుమతా? దానికి షరతులు ఏంది? ఏ పెంటలో తొమ్మిదో తరగతి చదివే పిల్ల అయినా ఆ రెండు పేజీలు తనంతట తాను చదివి వాళ్ల తాతకు చెప్పగలిగిందా? పట్నం నుంచి వచ్చిన మిత్రులు చదివి చెప్పిండ్రు. వాళ్లకు దండాలు. కానీ మన మీద రాసిన కాగితం మనకే ఇంకొకరు చదివి చెప్పే రోజులు ఇంకెన్నాళ్లు?

ఇప్పుడు చట్టాల్లోకి రండి. కొంచెం ఓపిక పట్టి చదవండి, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది.

1996 పెసా చట్టం, సెక్షన్ 4(ఐ). షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు 'గ్రామసభ ఆర్ తగిన స్థాయిలోని పంచాయతీలు' 'షల్ బి కన్సల్టెడ్' అన్నది. ఇందులో మూడు మాటలు పట్టుకోండి. 'షల్' అంటే చేసి తీరాలె. 'మే' అంటే చేస్తే చేయొచ్చు, లేకుంటే లేదు. ఇక్కడ 'షల్' ఉంది, సంతోషం. కానీ 'కన్సల్ట్' అంటే సంప్రదించడం, అంతే. అడగాలె, మన జవాబును ఒప్పుకోవాలె అని కాదు. 'కన్సెంట్' అనే మాట వేరు, అది సమ్మతి. 2006 అటవీ హక్కుల చట్టంలో, అడవి జంతువుల ఆవాసాల నుంచి మనుషులను తరలించే సెక్షన్ 4(2)లో, గ్రామసభ స్వేచ్ఛా సమ్మతి లిఖితపూర్వకంగా ఉండాలె అని 'కన్సెంట్' మాటే రాసిండ్రు. కన్సల్ట్, కన్సెంట్: ఒకే అక్షరంతో మొదలయ్యే రెండు మాటలు. మన గూడెంలో మీటింగ్ పెట్టి, సంతకాలు తీసుకుని 'ప్రజలను అడిగినం' అని పోయే ఆఫీసరుకు ఆ రెండింటి తేడా బాగా తెలుసు.

ఇక మూడోది 'ఆర్'. రెండక్షరాల ముక్క, లేదా అని అర్థం. గ్రామసభ లేదా పంచాయతీ. ఆ 'లేదా'లో నుంచే దారి దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన పంచాయతీరాజ్ చట్టాన్ని 1998లో పెసాకు తగ్గట్టు మార్చుకున్నప్పుడు భూసేకరణ సంప్రదింపును గ్రామసభకు కాక మండల పరిషత్‌కు ఇచ్చింది. 'ఆర్' ఉన్న చోట 'అండ్' ఉంటే ఆ పని అంత తేలిగ్గా జరిగేది కాదు. తొమ్మిదో తరగతిలో కంజంక్షన్స్ అని ఒక పాఠం ఉంటది, గుర్తుందా? ఖాళీలు పూరించి మార్కులు తెచ్చుకుంటం. ఆ పాఠం మన భూమి గురించి అని మనకు ఏ సారూ చెప్పలే.

పాసివ్ వాయిస్ సంగతి ఇంకా ఉంది. 'రాము ఈట్స్ ఎ మ్యాంగో', దాన్ని మారిస్తే 'ఎ మ్యాంగో ఈజ్ ఈటెన్ బై రాము'. ఇరవై వాక్యాలు ఇట్ల మార్చి నోట్‌బుక్ నింపుతం. అసలు ఈ వాయిస్ ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పరు. సర్కారు కాగితం తీసి చూడండి. భూమి 'తీసుకోబడింది', దరఖాస్తు 'తిరస్కరించబడింది', గుడిసెలు 'తొలగించబడినయి'. 'బై' తర్వాత రావలసిన మనిషి మాయం! ఎవరు తీసుకున్నరు? ఎవరు తిరస్కరించిండ్రు? ఏ అధికారి, ఏ కమిటీ? సబ్ డివిజన్ స్థాయి కమిటీనా, జిల్లా స్థాయి కమిటీనా? అది తెలిస్తేనే ఎక్కడికి అప్పీలు పోవాలో తెలుస్తది, చట్టం ఇచ్చిన అరవై రోజుల గడువు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో తెలుస్తది. పాసివ్ వాక్యాన్ని యాక్టివ్‌లోకి మార్చడం అంటే, చేసినోడి పేరు అడగడం. ఇంతకన్నా మంచి గ్రామర్ అభ్యాసం నాకు తెలియదు.

అదే అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 4(5) ఉంది. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ ఆ భూమి నుంచి ఖాళీ చేయించొద్దని. ఆ 'దాకా' ఇంగ్లిష్‌లో 'టిల్'. ట్రెంచ్ కొట్టడానికి జేసీబీ వచ్చిన రోజు మీ చేతిలో ఆ వాక్యం ఉండి, దాన్ని నోరు తిరిగేలా చదివి అర్థం చెప్పగలిగితే, ఎదుటివాడు మీతో మాట్లాడే తీరు మారుతది. చట్టం తెలుగులోకి కూడా వచ్చింది, నిజమే. కానీ హైకోర్టు మెట్లు ఎక్కినంక నడిచేది ఇంగ్లిష్ వాక్యమే.

సమాచార హక్కు దరఖాస్తు తెలుగులో పెట్టొచ్చు కదా అంటరు. పెట్టొచ్చు, 2005 చట్టమే ఆ మాట చెప్పింది. పెట్టండి కూడా. కానీ ముప్పై రోజులకు జవాబుతో పాటు వచ్చే జతపత్రాలు, మ్యాపులు, పై ఆఫీసు ఉత్తరాలు ఏ భాషలో ఉంటయో పెట్టినోళ్లకు తెలుసు. గనులకు, ప్రాజెక్టులకు పర్యావరణ నివేదిక సంగతీ అంతే. ప్రజాభిప్రాయ సేకరణకు తెలుగులో ఇచ్చేది పలుచని సారాంశం. ఏ వాగు ఎండిపోతదో, ఎన్ని చెట్లు పోతయో లెక్క ఉన్న లావుపాటి పుస్తకం ఇంగ్లిష్‌లో.

మరి హైస్కూల్లో ఏం జరుగుతున్నది? 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టిండ్రు, పుస్తకంలో ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జీవో 81 ఇచ్చి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేస్తే పెద్ద రచ్చ అయ్యింది. రచ్చ అంతా మీడియం మీదనే. మీడియం అనేది గోడ మీద బోర్డు. దాని కింద పిల్ల ఒక పేరా చదివి అర్థం చేసుకుంటదా, నాలుగు వాక్యాలు సొంతంగా రాస్తదా అనేది వేరే ప్రశ్న. 2022 అసర్ సర్వే చూస్తే దేశంలోని పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో సగం కంటే తక్కువ మందే చిన్న ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగిండ్రు. మన గూడేల లెక్క విడిగా తీస్తే ఎట్ల ఉంటదో మీరే ఊహించుకోండి.

బోర్డు మారినా పద్ధతి మారలే. గైడు కొనుడు, లెటర్ రైటింగ్ బట్టీ కొట్టుడు, పరీక్షలో ఊరి పేరు మార్చి దింపుడు. ఉత్తరం రాయమంటే పిల్ల మెదట్ల నుంచి రావాల్సింది గైడులో నుంచి వస్తది. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ పేపర్ పదో తరగతి స్థాయిదే. అందులో క్వాలిఫై కాకపోతే మిగతా పేపర్లు తెలుగులో ఎంత బాగా రాసినా లాభం లేదు. అక్కడ ఆగిపోయిన మనోళ్లను తెలివి లేదన్నరు. పదో తరగతిలోపల ఒక్క పేరా కూడా సొంతంగా రాయనియ్యలేదు, అది ఎవరూ అనరు.

ఒక మంచి మాట కూడా చెప్పాలె. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో వచ్చిన పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో 'ది జర్నీ' అనే కథ పెట్టిండ్రు. రాసింది అరుణాచల్ ప్రదేశ్ ఆదివాసీ రచయిత యేషే దోర్జీ థోంగ్‌చి. ఆఫీసరు అయిన కొడుకు పెట్టెను కొండ దారిలో తండ్రి మోసుకుపోయే కథ. ఆయన అసమియాలో రాస్తడు, సాహిత్య అకాడెమీ బహుమతి కూడా ఆ భాషలోనే వచ్చింది. ఎక్కడో ఈశాన్యం కొండల్లోని ఆదివాసీ మనసు ఇంగ్లిష్ మీదుగా మన ఆసిఫాబాద్, భద్రాచలం బడి పిల్లల దగ్గరికి వచ్చింది. ఆ పాఠం చదివినంక 'చదువుకున్న కొడుకు, మోసే తండ్రి మీ ఊర్లో ఎవరు' అని అడిగి పది వాక్యాలు రాయించిన టీచరు మీకు దొరికి ఉంటే మీరు అదృష్టవంతులు. ఎక్కువ చోట్ల ప్రశ్న–జవాబు డిక్టేట్ చేసి పంపిండ్రు.

అట్ల అడగాలంటే టీచరుకు పిల్ల భాష రావాలె. ఇక్కడే జీవో 3 సంగతి వస్తది. 2000 జనవరిలో ఇచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను షరతు మీద ఉంచింది గానీ ముందుకు దారి మూసింది. మనం దాన్ని ఉద్యోగాల నష్టంగా చూసి కొట్లాడినం, అది న్యాయమే. కానీ నష్టం బ్లాక్‌బోర్డు ముందు కూడా ఉంది. 'వి' అనే ఇంగ్లిష్ మాట చెప్పేటప్పుడు, అది మనం కావచ్చు, మేము కావచ్చు అని చెప్పాలె గదా. (కంపెనీ కాగితంలో 'వి' అని ఉంటే అందులో మనం ఉండం, అది వేరే సంగతి.) కోయ ఇంట్లో, గోండు ఇంట్లో, కొలామ్ ఇంట్లో పుట్టిన పిల్లకు ఆ తేడా వాళ్ల మాటలో చెప్తే ఒక్క నిమిషం పని. ఏకలవ్య స్కూళ్లకు 2023లో నియామకాలు ఢిల్లీ స్థాయికి తీసుకుపోయి హిందీ పరీక్ష పెట్టినంక, వచ్చిన టీచర్లకు తెలుగే రాక పిల్లలు బిక్కమొఖం వేస్తున్నరని వార్తలు చదివినం. పిల్లకు కోయ వచ్చు, సార్‌కు హిందీ వచ్చు, పాఠం ఇంగ్లిష్‌లో ఉంది. మధ్యలో ఎవరు ఎవరికి ఏం చెప్తరు?

ఇంగ్లిష్ వస్తే మన భాష పోతది అనేవాళ్లకు ఒక మాట. ఈ మాట ఎక్కువగా అనేవాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నరో చూసి తర్వాత వినండి. అయినా భయంలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారెయ్యను. జైపాల్ సింగ్ ముండాను చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిండు, 1928 ఒలింపిక్స్ హాకీ జట్టుకు కెప్టెన్. రాజ్యాంగ సభలో ఇంగ్లిష్‌లో నిలబడి ఆదివాసీల తరఫున వాదించిండు. 1949లో భాషల షెడ్యూలు మీద చర్చ వచ్చినప్పుడు ముండారి, గోండి, ఉరావ్ భాషలను చేర్చాలని అడిగిందీ ఆయనే. గోండి ఇప్పటికీ చేరలే. ఆ అడిగిన గొంతుకు ఇంగ్లిష్ రావడం వల్ల గోండికి నష్టమేమీ జరగలే.

తెలుగువాళ్లు ప్రతి ఆగస్టు 29న దండలు వేసే గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, ఇంగ్లిష్‌లో సవర వ్యాకరణం రాసి, 1930లలో సవర–ఇంగ్లిష్ నిఘంటువు తయారుచేసిండ్రు. తొంభై ఏండ్ల కింద సవర మాటకు నేరుగా ఇంగ్లిష్ అర్థం దొరికే పుస్తకం ఉంది. మీ ఆశ్రమ హైస్కూలు లైబ్రరీలో కోయ–ఇంగ్లిష్, గోండి–ఇంగ్లిష్ డిక్షనరీ ఉందా? బీరువా తీసి చూడండి. లేకుంటే ఐటీడీఏ ప్రాజెక్ట్ ఆఫీసరుకు దరఖాస్తు రాయండి. ఆ దరఖాస్తును ఎనిమిదో తరగతి పిల్లలతో ఇంగ్లిష్‌లో రాయించండి. తప్పులు పోనియ్యండి, దిద్దించి మళ్లీ రాయించండి. అదే రైటింగ్ ప్రాక్టీస్.

డిగ్రీ చదివి ఊర్లో ఉన్న అన్నలు, అక్కలు ఇది వినండి. పెద్ద ట్యూషన్ సెంటర్ అక్కర్లేదు. సెలవుల్లో నలుగురు పిల్లలను కూర్చోబెట్టండి. మీ ఊరి గ్రామసభ తీర్మానం ఒకటి తీసుకోండి, తెలుగులోది. రోజుకు రెండు వాక్యాలు ఇంగ్లిష్‌లోకి మార్చమనండి. తర్వాత అటవీ హక్కుల చట్టం ఇంగ్లిష్ ప్రతి నుంచి రోజుకు ఒక్క సెక్షన్, గట్టిగా చదివించండి, కర్త ఎవరు, క్రియ ఏది, 'షల్' ఉందా 'మే' ఉందా గీత గీయించండి. అర్థాన్ని ఇంట్లో అవ్వకు కోయలోనో గోండిలోనో లంబాడీలోనో చెప్పి రమ్మనండి. అవ్వ తిరిగి అడిగిన ప్రశ్నను మర్నాడు ఇంగ్లిష్‌లో రాయమనండి. నాకు తెలిసి ఆ ప్రశ్నలు గైడులో ఉండవు.

సర్కారును అడగాల్సింది కూడా ఉంది. జీవో 3 పోయిన చోట, తీర్పు పరిధిలోనే, ఆదివాసీ భాష వచ్చినవాళ్లకే ఆ బళ్లలో పోస్టు అనే అర్హత పెట్టండి. భాష అనేది కులం కాదు, పుట్టిన ఊరు కాదు, అది పాఠం చెప్పడానికి కావలసిన పనితనం. దీన్ని లాయర్లతో కూర్చుని సరిగ్గా రాయాలె. రాసేటప్పుడు 'మే' పెట్టనియ్యొద్దు, 'షల్' పెట్టించండి.