హోంపేజీకి అందం ఒక్కటే చాలదు!

‘ఇంకా రెండే మిగిలాయి’, ‘ఆఫర్ 9 నిమిషాల్లో ముగుస్తుంది’.. షాపింగ్ సైట్ తెరవగానే కనిపించే ఇలాంటి మాటలపై ఇప్పుడు చట్టం కన్ను పడింది. ఆన్‌లైన్ స్టోర్ మొదటి పేజీ ఎలా ఉండాలన్నది ఇక రంగులు, బొమ్మలతో తేలే వ్యవహారం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోర్సు చేసి యూఐ, యూఎక్స్ కొలువు కోసం చూస్తున్నవారికి ఈ మార్పు ఒక హెచ్చరిక, ఒక అవకాశం కూడా.

ఏం మారింది?

కొనేవాళ్లను తికమక పెట్టి, కంపెనీకి కావాల్సిన బటన్ నొక్కించే డిజైన్లకు ‘డార్క్ ప్యాటర్న్స్’ అని 2010లో పేరు పెట్టింది బ్రిటన్ డిజైనర్ హ్యారీ బ్రిగ్నల్. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) 2023 నవంబరు 30న వీటిపై మార్గదర్శకాలు ఇచ్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చిన ఈ మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు డిజైన్లను పేరు పెట్టి చెప్పింది. 2025 జూన్‌లో ఇంకో అడుగు వేసి, మూడు నెలల్లో ఎవరి సైట్‌ను వాళ్లే తనిఖీ చేసుకోవాలని ఈ-కామర్స్ సంస్థలకు సూచించింది. అదే ఏడాది నవంబరు నాటికి 26 ప్రముఖ సంస్థలు ‘మా దగ్గర అలాంటివి లేవు’ అని ప్రకటించాయి.

అయితే ఇవి సంస్థలు తమకు తామే ఇచ్చుకున్న కితాబులు. సైట్ రోజూ మారుతుంటుంది. పండగ సేల్ వస్తే హోంపేజీ మొత్తం కొత్తగా వేస్తారు. అలాంటప్పుడు ప్రతిసారీ చూసి ‘ఇది సరే, ఇది తప్పు’ అని చెప్పగలిగే మనిషి టీంలో ఉండాలి. చెప్పేవాళ్లు లేకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశాం. జనాన్ని సరైన సమ్మతి లేకుండా ప్రైమ్ సభ్యత్వంలో చేర్చి, రద్దు చేసుకోవడాన్ని కష్టం చేసిందన్న కేసులో అమెజాన్ 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీ పడింది.

హోంపేజీలో ఏవి పట్టుకోవాలి?

13 రకాల్లో మొదటి పేజీలో తరచూ తగిలేవి ఇవి:

- లేని తొందర: పేజీని రిఫ్రెష్ చేస్తే టైమర్ మళ్లీ మొదటి నుంచి మొదలైతే అది అబద్ధమే.
- సిగ్గుపడేలా చేయడం: పాపప్‌లో ‘వద్దు’ అని మాత్రమే ఉండాల్సిన చోట ‘వద్దు, నాకు డబ్బు ఆదా చేయడం ఇష్టం లేదు’ అని రాయడం.
- వేధింపు: వద్దన్నా మళ్లీ మళ్లీ యాప్ వేసుకోమని, నోటిఫికేషన్లు ఆన్ చేయమని అడగడం.
- ముసుగు ప్రకటన: డబ్బు తీసుకుని చూపించే వస్తువును మామూలు సిఫార్సులా కలిపేయడం.
- విడతల ధర: బ్యానర్ మీద ఒక ధర, చివర్లో చార్జీలన్నీ కలిపి ఇంకో ధర.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకోవద్దు. ఈ మార్గదర్శకాలు ప్లాట్‌ఫాంలతో పాటు విక్రేతలకు, ప్రకటనలు ఇచ్చేవారికీ వర్తిస్తాయి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు కూడా ఉన్నాయి. వాటి ప్రకారం సంస్థ అసలు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ వివరాలు, ఫిర్యాదుల అధికారి పేరు సైట్‌లో స్పష్టంగా కనపడాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ముందే టిక్ పెట్టిన బాక్సును కొనుగోలుదారు సమ్మతిగా తీసుకోకూడదు. కొత్తపేటలో చీరల దుకాణం నడుపుతూ సొంత సైట్ పెట్టుకున్న వ్యాపారికీ ఇవి తప్పవు. మీ మొదటి క్లయింట్ బహుశా ఆయనే!

దుకాణం నేర్పే పాఠం

మలక్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఏ చీరల కొట్టుకు వెళ్లినా కూర్చోగానే రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. ‘ఫంక్షన్‌కా, రోజూ కట్టుకోవడానికా? ఎంతలో చూపియ్యాలె?’ ఆ తర్వాతే చీరలు కిందికి దిగుతాయి. మంచి హోంపేజీ చేయాల్సిన పని కూడా అదే. వచ్చినవాళ్లకు ఏం కావాలో అడిగి, దారి చూపాలి.

చాలా చిన్న సైట్లలో జరిగేది వేరు. దేవుడి పటం, ఓనర్ ఫొటో, తిరుగుతూ ఉండే ఐదు బ్యానర్లు, వాట్సాప్ పాపప్.. ఇవన్నీ దాటితే గానీ వస్తువు కనపడదు. వాటి స్థానంలో పైన వెతికే పెట్టె, దాని కింద ఐదారు విభాగాలు, అసలు వస్తువు ఫొటో, పూర్తి ధర ఉంచండి. పిన్‌కోడ్ 500036 అని కొడితే మలక్‌పేటకు ఎప్పుడు వస్తుందో, నచ్చకపోతే ఎన్నాళ్లలో వాపసు ఇవ్వాలో అక్కడే తెలియాలి. తెలుగును మరవొద్దు. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ రెండూ 2020లోనే తెలుగులోకి వచ్చాయి. మన వీధి దుకాణం సైట్‌లో తెలుగు లేకపోతే ఎలా?

బాగుందని కొలిచి చెప్పండి

‘నా డిజైన్ బాగుంది’ అంటే ఇంటర్వ్యూలో నమ్మరు. అంకెలు చూపండి. గూగుల్ ప్రమాణాల ప్రకారం పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి. నొక్కిన బటన్ 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. పేజీ లోడ్ అవుతున్నప్పుడు అక్షరాలు, బటన్లు గెంతే స్కోరు 0.1 దాటకూడదు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఇవన్నీ ఉచితంగా చూసుకోవచ్చు. మామూలు సైజు అక్షరాలకు, వాటి వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు మీ ల్యాప్‌టాప్‌లో ముచ్చటగానే ఉంటాయి, ఎండలో మెట్రో దిగి ఫోన్ చూసేవాళ్లకు కనిపించవు.

‘టైమర్ పెట్టు’ అంటే?

కొత్తగా చేరిన మీకు ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినపడుతుంది. ‘అందరూ పెడుతున్నారు, నువ్వూ పెట్టు’ అంటారు. ఎదురు చెబితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం సహజం. గొడవ పడక్కర్లేదు, ప్రశ్న అడగండి. ‘ఆఫర్ నిజంగా ఆదివారం రాత్రి ముగుస్తుందా సార్? అయితే తేదీ రాద్దాం. స్టాక్ నిజంగా రెండే ఉన్నాయా? అయితే అదే చూపిద్దాం.’ కాదంటే సీసీపీఏ మార్గదర్శకాన్ని ప్రస్తావిస్తూ మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. మీరు చెప్పారన్న రికార్డు మిగులుతుంది. ‘ఫిర్యాదు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది మనమే సార్’ అన్న మాట చాలామంది యజమానులకు త్వరగా అర్థమవుతుంది. వినియోగదారుడికి 1915 హెల్ప్‌లైన్ ఎలాగూ ఉంది.

ఈ వారమే మొదలుపెట్టండి

టూల్స్ జాబితా అందరి రెజ్యూమెలోనూ ఉంటుంది. తనిఖీ నివేదిక కొందరి దగ్గరే ఉంటుంది.

- మీకు తెలిసిన దుకాణం సైట్ ఒకటి ఎంచుకోండి. యజమానిని అడిగి పని మొదలుపెట్టండి.
- ఐదుగురికి ఫోన్ ఇచ్చి ‘రూ.1,500 లోపు చీర వెతకండి’ అనండి. మీరు సాయం చేయొద్దు. ఎక్కడ ఆగారో రాసుకోండి. పెద్ద లోపాలు ఈ ఐదుగురితోనే చాలావరకు బయటపడతాయి.
- వేగం, కాంట్రాస్ట్ అంకెలు తీసుకోండి.
- 13 డార్క్ ప్యాటర్న్స్, 2020 నిబంధనలు పక్కన పెట్టుకుని ఒక్కోటి సరిచూడండి.
- కొత్త హోంపేజీ గీయండి. అదే పరీక్ష మళ్లీ పెట్టండి. ముందు, తర్వాత తేడాను నాలుగు పేజీల్లో చెప్పండి.

ఇంటర్వ్యూలో ‘ఈ బ్యానర్ ఎందుకు తీసేశావు?’ అని అడిగితే ‘ఐదుగురిలో నలుగురు దాన్ని చూడనే లేదు’ అని మీరు కళ్లారా చూసింది చెప్పగలగాలి. ఆ జవాబు ఏ కోర్సు సర్టిఫికెట్‌లోనూ దొరకదు.