పోస్టరులో జిక్కి గారి పేరు ఎక్కడ వేయాలి?

పోస్టు పొడుగైంది, తిట్టుకోకుండా చివరిదాకా చదవండి. మాది తమిళ మీడియం చదువు. తెలుగు ఇంట్లో మాట్లాడుకున్నదే గానీ బడిలో నేర్చుకున్నది కాదు. అక్షరాలు వచ్చింది బజారులో అమ్మే సినిమా పాటల పుస్తకాలు చూసి. అందువల్ల రాతలో తప్పులుంటే సర్దుకోండి. విషయంలో తప్పుంటే మాత్రం కింద రాయండి, ఒప్పుకుంటాం.

మొన్న గ్రూపులో మన పాత పాటల సాయంత్రం పోస్టరు పెట్టారు. పైన పెద్ద అక్షరాల్లో ఎ.ఎం. రాజా గారి పేరు, ఫోటో. కింద చిన్న అక్షరాల్లో "ఆయన సతీమణి జిక్కి పాటలు కూడా" అని ఒక లైను. ఆ "కూడా" అన్న మాట దగ్గర మేము ఆగిపోయాము. ఇదేమి పద్ధతి అని గ్రూపులో అడిగితే మూడు రకాల జవాబులొచ్చాయి.

ఒకరు: "రాజా గారి భార్య కాబట్టే కదన్నా ఆమెకి అంత పేరు."

ఇంకొకరు: "పెళ్ళయ్యాక ఆమె పాటలు మానేసింది. మధ్యలో ముప్పై ఏళ్ళు ఎక్కడుంది?"

మూడో ఆయన: "భర్త పోయినాక పాపం అని పిలిచి నాలుగు ఛాన్సులిచ్చారు. దాన్ని పెద్దది చేయొద్దు సార్."

ఈ మూడింటికీ వరసగా జవాబు చెప్పాలని ఈ పోస్టు.

ముందుగా ఒక మాట. రాజా గారిని తగ్గించే ఉద్దేశం మాకు లేదు. ఆయన మన పక్క జిల్లా మనిషి, చిత్తూరు జిల్లా రామచంద్రాపురం. "విప్రనారాయణ" (1954)లో నాగేశ్వరరావు గారికి, "మిస్సమ్మ" (1955)లో రామారావు గారికి ఆయన పాడిన పాటలు ఇప్పటికీ మన పెళ్ళి పందిళ్ళలో మోగుతాయి. తమిళంలో "కల్యాణ పరిసు" (1959), తెలుగులో "పెళ్ళి కానుక" (1960) ఆయన సంగీతమే. ఆయన పేరు పోస్టరులో పైన ఉండాల్సిందే. గొడవ ఆ పక్కన ఇంకో పేరు ఉండాలా, కింద ఉండాలా అన్నదే.

మొదటి మాటకి జవాబు. జిక్కి గారి అసలు పేరు పిల్లవాలు గజపతి కృష్ణవేణి. పుట్టింది 1935 నవంబరులో. "పంతులమ్మ" సినిమా వచ్చింది 1943లో. అందులో ఆమె చిన్న వేషం వేసి పాట పాడింది. అప్పటికి ఆమెకి ఏడెనిమిదేళ్ళు. 1948లో తమిళ "జ్ఞానసౌందరి"లో మేరీమాత మీద పాట ఉంది. నాయిక చిన్నపిల్లగా ఉన్నప్పటి భాగం జిక్కి గొంతు, పెద్దయ్యాక పి.ఎ. పెరియనాయకి గొంతు. మా చిన్నప్పుడు ఛాంపియన్ రీఫ్ వైపు ఏ మాతా ఉత్సవమైనా ఆ పాట పెట్టకుండా ఉండేవాళ్ళు కాదు. పాడినప్పుడు ఆ పిల్లకి పన్నెండేళ్ళు. రాజా గారు సినిమాల్లోకి వచ్చింది 1951 ప్రాంతంలో. లెక్క మీరే వేయండి. మేము రైల్వేలో సీనియారిటీ లిస్టులు రాసిన మనుషులం. ఎనిమిదేళ్ళు ముందు సర్వీసులో చేరినవాళ్ళని తర్వాత వచ్చినవాళ్ళ కింద రాస్తే యూనియన్ ఊరుకునేదా?

పోనీ, ముందు వచ్చినంత మాత్రాన గొప్పవాళ్ళు కారు అంటారా? సరే, చేసిన పని చూద్దాం. "రోజులు మారాయి" (1955)లో వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట. మాస్టర్ వేణు సంగీతం, కొసరాజు గారి రచన, జిక్కి గారి గొంతు. అప్పటికి పాడినామెకి ఇరవై ఏళ్ళు లేవు. ఆ బాణీ బొంబాయి దాకా పోయి, ఎస్.డి. బర్మన్ చేతిలో "బంబై కా బాబూ" (1960)లో హిందీ పాట అయింది. అదే 1955లో "అనార్కలి"లో అంజలీదేవికి పాడింది. "సువర్ణసుందరి" (1957)లో ఘంటసాల గారితో కలిసి పాడిన రాగమాలిక ఉంది చూడండి, ఒక రాగం నుంచి ఇంకో రాగానికి మారే చోట ఘంటసాల గారికి ఒక్క మెట్టు కూడా తగ్గకుండా పాడింది. తమిళంలో "వంజికోట్టై వాలిబన్" (1958)లో వైజయంతిమాల, పద్మిని పోటీపడి ఆడే పాట తెలియని తమిళుడు ఉండడు. ఆ పోటీకి గొంతులు పి. లీల, జిక్కి. మరి ఈ పాటల్లో భర్త ఎక్కడున్నాడు? ఒక్కదాంట్లోనూ లేడు.

రెండో మాట: పెళ్ళయ్యాక మానేసింది, ముప్పై ఏళ్ళు లేదు అన్నది. మాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే.

1960లు వచ్చేసరికి ఆమెకి సినిమా పాటలు తగ్గిన మాట నిజం. సుశీల గారి గొంతు తెలుగు, తమిళం రెండింటినీ నింపేసింది. సంగీత దర్శకులు ఒక గొంతుకి అలవాటు పడితే దాన్నే పిలుస్తారు, అది ఆ ఫీల్డు పద్ధతి. రాజా గారికి కూడా అదే కాలంలో తగ్గాయి. ఆయన రాజీపడని మనిషి, పనిలో చాలా పట్టింపు అని సినిమావాళ్ళే చెప్పుకున్నారు. ఇక్కడే మన నాలుక ఎలా తిరుగుతుందో చూడండి. ఇద్దరికీ ఒకే కాలంలో పాటలు తగ్గితే ఆయనది "ఆత్మాభిమానం" అంటాం, ఆమెది "సంసారం చూసుకుంది" అంటాం. ఆయనకి పాటలు లేకపోతే లోకం తప్పు. ఆమెకి లేకపోతే అసలు తప్పే లేదు, ఆడది ఇంట్లో ఉండడం మామూలే కదా అని.

ఆరుగురు పిల్లల తల్లి ఆమె, నిజమే. కానీ మానేయలేదు. ఇద్దరూ కలిసి స్టేజీ కచేరీలు చేస్తూనే ఉన్నారు. గుడి ఉత్సవాలు, సభలు, ఊళ్ళ తిరునాళ్ళు. సినిమా టైటిల్సులో పేరు పడకపోతే పని చేయనట్టే అనుకునేవాళ్ళు ఆర్కెస్ట్రా జీవితం చూసినవాళ్ళు కారు. మేము చూశాము. అర్ధరాత్రి బండికి హార్మోనియం పెట్టె, తబలా, డ్రమ్ములు పార్సిల్ బుక్ చేసి, బ్రేక్ వ్యానులోకి ఎక్కాయో లేదో అని ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసుకునే ఆ మనుషుల ముఖాలు మాకు తెలుసు. తెల్లారి ఇంకో ఊళ్ళో దిగి, సాయంత్రానికి ఇస్త్రీ బట్టల్లో నవ్వుతూ పాడాలి. అది మానేయడమా?

ఈ మాటకి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం 1989 ఏప్రిల్. రాజా గారు తిరునెల్వేలి జిల్లా వళ్ళియూరు స్టేషన్లో రైలు ప్రమాదంలో పోయారు. ఎక్కడికి పోతూ? కన్యాకుమారి జిల్లాలో గుడి కచేరీకి, బృందంతో. అప్పట్లో మనదీ దక్షిణ రైల్వే, వళ్ళియూరూ దక్షిణ రైల్వే. మరునాడు తమిళ పేపరులో చదివి మా ఆఫీసులో ఎవరం సరిగ్గా పని చేయలేదు. రైల్వేలో ప్రమాదం అంటే మాకు కొత్త కాదు, మెమోలు రాసి రాసి చెయ్యి మొద్దుబారిపోయి ఉంటుంది. కానీ "మిస్సమ్మ"లో విన్న ఆ గొంతు ఒక స్టేషన్లో ఆగిపోయిందంటే అది మా సొంత మనిషి సంగతి లాగా తగిలింది. అరవైకి దగ్గర పడిన మనిషి ఆ రోజు కూడా పాటకే బయలుదేరాడు. ఆ ఇంట్లో పాట ఆగింది ఎప్పుడు? ఆగిపోయిందని మనం అనుకున్నాం, అంతే.

ఇక మూడో మాట, పాపం అని పిలిచారు అన్నది.

జిక్కి గారికి అప్పటికి 53 ఏళ్ళు. జీవితంలోనూ స్టేజీ మీదా జోడీ అయిన మనిషి ఒక్క రోజులో లేడు. ఆమె ఇంట్లో కూర్చుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కారు. కొంతకాలం అలాగే ఉంది. తర్వాత లేచింది. కొడుకులని కూడగట్టుకుని కచేరీలు మొదలుపెట్టింది, విదేశాలకు కూడా పోయి పాడింది. 1989లో వచ్చిన "పాట్టుక్కు ఒరు తలైవన్"లో ఇళయరాజా సంగీతంలో మన మనోతో కలిసి పాడిన పాట ఉంది. జాలితో పిలిచారంటారు కదా, 1987లోనే "నాయకన్" కోసం ఇళయరాజా కె. జమునారాణి, ఎం.ఎస్. రాజేశ్వరి గొంతులని పిలిచారు. అది ఎవరి మీద జాలి? ఆ పాటకి పాతకాలపు గొంతు కావాలి, పిలిచారు. పాపం అని ఇంటికి బియ్యం పంపుతారు గానీ సినిమా పాట ఇవ్వరు. మైకు ముందు నిలబడితే శ్రుతి తప్పిందా లేదా అన్నదొక్కటే లెక్క, ఇంట్లో ఏం జరిగిందో మైకుకి తెలియదు.

"మురారి" (2001)లో పెళ్ళి పాట మీ అందరి ఫోన్లలో ఉంది. మన పిల్లల పెళ్ళి వీడియోల్లో సగం దానితోనే మొదలవుతాయి. సునీత, సంధ్య గార్లతో పాటు అందులో పాడింది జిక్కి గారు. 65 ఏళ్ళ గొంతు. మనవరాళ్ళ వయసు వాళ్ళ మధ్య ఇంటి పెద్దావిడ నిలబడి దీవిస్తున్నట్టు ఉంటుంది. "పంతులమ్మ" నుంచి లెక్కేస్తే 58 ఏళ్ళు. ఆ పాటకి చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎంతమందికి ఆ గొంతు ఎవరిదో తెలుసు?

ఆ సినిమా వచ్చింది ఫిబ్రవరిలో. అదే ఫిబ్రవరి నెలాఖరున మన బంగారు గని మూతపడింది. ఆ నెల ఇక్కడ ఎవరి ఇంట్లో పాట పెట్టారు చెప్పండి. మాకు ఆ పాట వినపడింది కూడా చాలా నెలల తర్వాత. 2004 ఆగస్టు 16న ఆమె క్యాన్సర్‌తో పోయింది. ఇదీ కథ.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. పోస్టరులో అక్షరాల సైజు కోసం ఇంత రాయాలా అని మీరు అడుగుతారు. రాయాలి, ఎందుకంటే పోస్టరులో చేసిన తప్పే మనం మనుషుల దగ్గర కూడా చేశాం.

మన ఊరి ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్ళు పాడిన ఒకామె ఉంది. పేరు రాయం, మీలో చాలామందికి తెలుసు. ఆమె భర్త గనిలో పనిచేశాడు. గని మూసేశాక తెల్లవారుజామున మరికుప్పం బండెక్కి బెంగుళూరుకి కూలికి పోయి రాత్రికి వచ్చేవాడు. బంగారుపేట ప్లాట్‌ఫారం మీద అటువంటి వేలమందిని రోజూ చూశాం మేము. ఆయన పోయాక ఆమె కొన్నాళ్ళు పాడలేదు. తర్వాత మన సంఘం కార్యక్రమంలో రెండు పాటలు సొంతంగా పాడతానని అడిగింది. మనం ఏమన్నాం? "ఇప్పుడెందుకమ్మా, చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అన్నాం. చివరికి ఒక డ్యూయెట్‌లో సగం ఇచ్చి, శాలువా కప్పి, ఫలకం చేతిలో పెట్టి ఫోటో తీసుకున్నాం. అదే రోజు బయట ఊరి నుంచి వచ్చి ట్రాకు పెట్టుకుని పాడిన ఆయనకి కారు, భోజనం, కవరు. శాలువాకి ఓచరు ఉంది, ఫలకానికి ఓచరు ఉంది, కారుకి ఓచరు ఉంది. ఆమె పాటకి ఓచరు లేదు, ఎందుకంటే ఏమీ ఇవ్వలేదు. ఆ ఓచర్ల మీద సంతకం మాదే. కాబట్టి ఇది ఎవరినో వేలెత్తి చూపడానికి రాయడం లేదు.

పాపం అని ఛాన్సు ఇచ్చారు అన్నారు కదా జిక్కి గారికి. మద్రాసులో ఆమెని పాడడానికి పిలిచారు, పాట ఇచ్చారు. పాపం అన్నది మనం, ఇక్కడ. పాపం అని శాలువా ఇచ్చి పాట ఇవ్వకపోవడం మనం చేసిన పని.

డబ్బెక్కడిది అని కోశాధికారి గారు అడుగుతారు. సరైన ప్రశ్నే. స్టేజీ వెనక ఫ్లెక్సీ ఒకటి చాలు, నాలుగు వద్దు. అతిథులు పదకొండు మంది వద్దు, ఇద్దరు చాలు. ఒక్కొక్క అతిథికి శాలువా, దండ, ఫలకం, పది నిమిషాల ఉపన్యాసం. అవి తగ్గిస్తే పాడేవాళ్ళకి డబ్బూ మిగులుతుంది, టైమూ మిగులుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు రాసిన మనుషులం, కాగితం మీద వేసి చూపిస్తాం.

మేము అడిగేది మూడే. ఒకటి, పోస్టరు మార్చండి. "ఎ.ఎం. రాజా, జిక్కి" అని ఒకే వరసలో, ఒకే సైజులో. "సతీమణి" వద్దు, "కూడా" వద్దు. రెండు, పాడేవాళ్ళకి ముందు డబ్బు, తర్వాతే మిగతా ఖర్చులు. మన ఊరివాళ్ళకి, బయటివాళ్ళకి ఒకే రేటు. మూడు, ఆ ఆర్కెస్ట్రా ఆమెకి రెండు పాటలు, సొంతంగా, ట్రాకు లేకుండా. ఏరువాక పాట ఒకటి ఆమె చేత పాడించండి. ఒకప్పుడు ఆమె అది అందుకుంటే రైల్వే క్వార్టర్స్ పిల్లలంతా లేచి ఆడేవాళ్ళు.

ఒప్పుకోని సభ్యులు ఆదివారం మీటింగుకి వచ్చి ముఖాముఖి చెప్పండి. మేము ఓచర్ల ఫైలు తీసుకుని వస్తాం.