బొమ్మ ఉంది, చేసినాయన పేరేదీ?

జపాన్‌లో పాతకాలపు కిమోనోలకు మన చొక్కాల్లా జేబులు ఉండేవి కావు. పొగాకు తిత్తిని, మందుల డబ్బీని తాడుతో నడికట్టుకు వేలాడదీసేవారు. తాడు జారకుండా దాని కొసకు బొటనవేలంత బొమ్మ కట్టేవారు. అదే నెట్సుకే. చిన్న కొయ్యముక్కలో కోతినో, ఎలుకనో, ఎద్దునో చెక్కేవారు. 1868 తర్వాత కోట్లు, ప్యాంట్లు వచ్చాయి, జేబులు వచ్చాయి. నెట్సుకేతో పని తీరిపోయింది. విదేశీయులు వాటిని కొనుక్కుపోయారు. ఈనాడు అవి మ్యూజియం అద్దాల వెనుక ఉన్నాయి.

అన్నలారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆ బొమ్మల గొడవ మనకెందుకంటారా? చాలా నెట్సుకేల అడుగున చెక్కినవాని పేరు ఉంటుంది. 1781లో ఒసాకాలో అచ్చయిన 'సోకెన్ కిషో' అనే పుస్తకంలో కత్తుల వ్యాపారి ఇనాబా త్సుర్యూ యాభైమందికి పైగా నెట్సుకే పనివాళ్ల పేర్లు రాసిపెట్టాడు. అందుకే క్యోటో తొమోతద చెక్కిన ఎద్దును లోకం ఇప్పటికీ గుర్తుపడుతుంది.

మరి మన సంగతి? తిరుపతిలో అమ్మే రాజారాణి మరపాచి బొమ్మలు ఎన్ని ఇళ్ల బొమ్మల కొలువుల్లో లేవు! ఏర్పేడు మండలం మాధవమాలలో ఇంటింటా ఉలి చప్పుడే. మా ఇంట్లోనూ ఒక ఎర్రచందనం జత ఉంది. ఎప్పుడు కొన్నదీ మా అవ్వకు తెలుసు. ఎవరు చెక్కిందీ ఎవరికీ తెలియదు.

పేరు రాస్తే కడుపు నిండుతుందా అని కొందరంటారు. పేరు లేకపోతే అంగడివాడి పేరే మిగులుతుంది, తర్వాతి బేరం కూడా అంగడికే పోతుంది. పేరుంటే కొన్నవాడు పనివాని ఇల్లు వెతుక్కుంటూ వస్తాడు.

సేకరణ సాలార్‌జంగ్ లాంటి సంపన్నులకే అనుకోవద్దు. మన హాస్టల్‌లో ఒక చెక్క బీరువా చాలు. సెలవులకు పోయినప్పుడు మీ ఊరి బొమ్మో, బుట్టో, కుండో ఒకటి తెండి. చేసినవారిని అడిగి పేరు, ఊరు, ఏ కొయ్య, ఏ మట్టి, ఏ సంవత్సరం అనేది చీటీ మీద రాసి అంటించండి. ఎర్రచందనం ఇప్పుడు అటవీశాఖ ఆంక్షల్లో ఉంది. ఆ పాత జతలు మళ్లీ అంత సులువుగా రావు.

మన ఇళ్లలో పని చేసే చేతులు తరతరాలుగా ఉన్నాయి. రాసే చేయి మాత్రం చాలా ఇళ్లలో మనతోనే మొదలైంది. డిగ్రీ పట్టా మీద మన పేరు చూసుకుని మురిసిపోతున్నాం, మంచిదే. పట్టా లేని పనిమంతుల పేర్లు రాయవలసింది కూడా మనమే. మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?