కొట్టంలో మా పేర్లేవి?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దోవలో మా ఊరు. ఊర్లో పెద్దమిద్దె వెనకాల కూలిపోతా ఉన్న రాతికొట్టాన్ని ఇప్పుడు బాగుచేస్తున్నారు. కంపచెట్లు కొట్టేసినారు. పడిపోయిన కప్పు మన్నును ట్రాక్టర్లకెత్తి పారబోసినారు. ఎద్దులు కట్టేసిన చోట నున్నటి బేతంచెర్ల బండలు పరిచి, వచ్చే చుట్టాలకు గదులు చేస్తారంట. వాకిట్లో నల్లరాతి పలక పెడతారంట. దాని మీదికి 'మా పూర్వీకుల కష్టానికి గుర్తు' అని నాలుగు ముక్కలు మంచి తెలుగులో రాసియ్యమని నాకు కబురొచ్చింది. నేను సర్కారు బడిలో పంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటోణ్ణి. అందుకే అడిగింటారు.

ఆ నాలుగు ముక్కలు నేను రాయను. ఎందుకు రాయనో ఇక్కడ రాస్తున్నాను.

ఎవరి పూర్వీకులు? ఎవరి కష్టం? ముందు అది తేలాల.

ఆ కొట్టం గోడ మూరన్నర మందం. రెండు పక్కలా పెద్ద రాళ్లు, నడుమ చిన్న రాళ్లు, ఎర్రమన్ను. రాళ్లు పగలగొట్టింది వడ్డెరోళ్లు. మోసింది, మన్ను తొక్కింది మాదిగోళ్లు. పైన దూలాలు, దంతెలు, వాటి మీద కంప, మన్ను, అన్నిటికీ పైన చవుడు. వాన పడితే చవుడు బిగుసుకోని నీళ్లను కిందికి దిగనియ్యదు. కానీ ఏటా తొలకరికి ముందు మళ్లా చవుడు పోయాల. పోయకుంటే మిద్దె ఉరుస్తాది, దూలాలు పుచ్చిపోతాయి. ఆ చవుడు గంపలు ఎవరి నెత్తి మీద ఎక్కినాయి? మా అవ్వ నెత్తి మీద, ఆమెకు ముందు ఆమె అత్త నెత్తి మీద. అంటే బాగుచేసే పని ఇప్పుడు మొదలు కాలేదు. మావాళ్లు తరతరాలుగా ఏటేటా బాగుచేస్తానే ఉండిరి. అప్పుడు ఎవరూ దాన్ని వారసత్వం అనలేదు. వెట్టి అన్నారు.

ఆ కొట్టంలో ఎద్దులే ఉన్నాయనుకోవద్దు. మా జేజినాయన పెండ్లప్పు కింద జీతానికి కుదిరి, దాని వసారాలోనే కాపురం పెట్టినాడు. మా నాయన అక్కడే పుట్టినాడు. ఒక మూల గాడి, ఒక మూల మా పొయ్యి. చూరులో దోపిన సత్తుగిన్నె మాది. నీళ్లు పైనుంచి పోసేవాళ్లు. ఆ గిన్నె ఏనాడూ పెద్దమిద్దె లోపలికి పోలేదు. మేము గడప తొక్కితే పెద్దమిద్దె మైలపడేది. కొట్టం మైలపడేది కాదు. 'మీవాళ్లను ఇంట్లో మనుషుల్లెక్క చూసుకున్నాం గదా' అని ఇప్పుడంటున్నారు. ఏ ఇంట్లో?

చట్టం సంగతి కూడా మాట్లాడుకుందాం. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చింది. 1976లో అది చట్టమైంది. అప్పు రద్దయిందనే సంగతి చానామందికి తెలుసు. 8వ సెక్షన్ గురించి తెలిసినోళ్లు తక్కువ. వెట్టికి బదులుగా ఇచ్చిన చోట కాపురముంటున్న మనిషిని విడుదలైనాక అక్కడి నుంచి వెళ్లగొట్టగూడదు. వెళ్లగొడితే ఆ సబ్ డివిజన్ మేజిస్ట్రేటు అతనికి ఆ చోటు తిరిగి ఇప్పించాల. కాగితం మీద అట్లుంది. మా ఊర్లో ఎట్ల జరిగింది? ట్రాక్టరొచ్చిన ఏడు ఎద్దులను సంతకు తోలినారు, మావాళ్లను గేరికి తోలినారు. ఎద్దులకు ధర పలికింది. మా జేజినాయన చేతికి రెండు బొంతలు, ఒక సట్టి వచ్చినాయి.

'వెట్టి అనేదానికి రుజువేది? అప్పు కాగితమేది?' అంటారు. ఫరీదాబాద్ రాతిక్వారీల కూలీల గురించి బంధువా ముక్తి మోర్చా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1983 డిసెంబరులో దీనికి జవాబు చెప్పింది. బలవంతంగా పని చేయించుకున్నట్లు తేలితే, ఆ మనిషి అడ్వాన్సుకో మరో లాభానికో కట్టుబడి చేస్తున్నాడనే అనుకోవాల, కాదని చూపాల్సింది యజమాని అనింది. అప్పు కాగితం వాళ్ల పెట్టెలో ఉండె. దాని మీద వేలిముద్ర మాది. మా దగ్గర మిగిలిన కాగితం ఆ కొట్టమే. పొయ్యి మూల గోడకు పట్టిన మసి, ఉయ్యాల కట్టిన కొక్కెం, మా అవ్వ రుబ్బిన రాతిగుంత, ఇవే మా దస్తావేజులు. ఇప్పుడు ఇనుప బ్రష్షు పెట్టి ఆ మసిని గీకుతున్నారు. చెత్తతోపాటు సాక్ష్యం కూడా ట్రాక్టరెక్కి పోతావుంది.

అమెరికాలో నల్లవాళ్లు ఈ కొట్లాట మనకంటే ముందే పెట్టుకున్నారు. బానిసలు బతికిన గుడిసెలు మాయమైపోకుండా చూడాలని జోసెఫ్ మెక్‌గిల్ అనే నల్లాయన 2010 నుంచి వాటిలో రాత్రిళ్లు పండుకుంటూ ఊరూరా తిరిగినాడు. లూసియానాలో విట్నీ ప్లాంటేషన్‌ను 2014లో బానిసల కథ చెప్పే మ్యూజియంగా తెరిచినారు. 2022లో మిసిసిపీలో బానిసల గుడిసె ఒకదాన్ని సోకైన అద్దెగదిగా ఎయిర్‌బిఎన్‌బిలో పెడితే జనం తిట్టిపోసినారు. ఆ కంపెనీ క్షమాపణ చెప్పి, అట్లాంటివన్నీ తీసేస్తామనింది. అక్కడ ఆ మాత్రం సిగ్గు పుట్టించగలిగినారు. మన కొట్టాల గురించి అడిగేవాడే లేడు.

ఆళ్లగడ్డ శిల్పుల పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. దేవుని మొఖం చెక్కిన చేతికి పేరుంది. ఆసామి కొట్టానికి రాయి మోసిన చేతికి ఏ గుర్తింపూ లేదు.

కొట్టం కూలిపోవాలని నేననడం లేదు. కూలితే వాళ్లకు పోయేది ఒక కొట్టం, మాకు పోయేది మా చరిత్ర. నిలబెట్టండి. కానీ సిమెంటు పూయొద్దు. మన్నుతో కట్టిన గోడ తడిని బయటికి వదలాల. సిమెంటు ఆ తడిని లోపలే పట్టేసి గోడను పాడుచేస్తాది. మన్నో, గానుగ సున్నమో వాడండి. ఆ పని తెలిసిన ముసలోళ్లు గేరిలో ఉన్నారు. వాళ్లను గంపలు మోసే కూలికి కాకుండా మేస్త్రీ కూలికి పిలవండి. వసారాను వసారాగానే ఉంచండి. పొయ్యి మూల జోలికి పోవద్దు. పలక మీద ఇట్ల రాయండి:

'ఈ కొట్టాన్ని వడ్డెరోళ్లు, మాదిగోళ్లు కట్టినారు. ఇందులో ఎద్దులతోపాటు జీతగాళ్ల కుటుంబాలు బతికినాయి. 1976 చట్టం ఈ చోటును వాళ్లకే ఉంచమంది. మేము వెళ్లగొట్టినాము.' దాని కింద వాళ్ల పేర్లు.

ఇది మంచి తెలుగు కాదంటారా? అయితే మంచి తెలుగు ఇంకొకర్ని అడుక్కోండి.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. సెలవులకు మీమీ ఊర్లకు పోయినప్పుడు ఏ కొట్టంలో ఎవరు జీతమున్నారో, ఎంత అప్పుకు కుదిరినారో, ఎప్పుడు వెళ్లగొట్టినారో అడిగి రాసుకోండి. గోడలు కొలవండి, ఫొటోలు తీయండి. ముసలోళ్లు వరసగా పోతున్నారు, ఆలస్యం చేయొద్దు. మా కొట్టంలో బతికినోళ్లవి మా నాయనకు పదకొండు పేర్లు గుర్తున్నాయి. రాసి పెట్టినాను.